గిట్టలు చూడని తనిఖీ

నాయనా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. సమాధి దగ్గరికి రాలేకపోయాను. మా డెయిరీకి తనిఖీ వచ్చింది.

మైదుకూరు దాటాక కట్టిన పెద్ద ఆర్గానిక్ డెయిరీలో ఆవులను కడిగే పని నాది. చెప్పకుండా వచ్చే తనిఖీ అన్నారు. మరి నిన్ననే షెడ్డుకు సున్నం ఎందుకు కొట్టించారో!

మా పాల ప్యాకెట్ మీద గుట్టపైన మేసే ఆవు బొమ్మ ఉంటుంది. నేను చేరాక ఆవులు షెడ్డు దాటింది మాత్రం ఈ రోజే. గేటు తీసినా కదల్లేదు. తోలితే, రాళ్ళ మీద కాలు మోపి వెనక్కి లాక్కున్నాయి.

తనిఖీకి వచ్చినాయన, రోజూ మేతకు తోలినట్టు రాసిపెట్టిన రిజిస్టరు తిరగేశాడు. నువ్వయితే సంతలో ఆవును కొనేటప్పుడు దాని పళ్ళకంటే ముందు గిట్టలు చూసేవాడివి. "మేతకు పోయే ఆవుకు గిట్ట అరిగుంటాది పాపా. కట్టేసిందానికి ముందుకు సాగుంటాది" అనేవాడివి. ఇక్కడ అన్నీ సాగినవే. ఆయన కిందికి చూడనే లేదు.

చివరికి నన్ను అడిగాడు. "రోజూ మేతకు తోలుతున్నారా అమ్మా?"

పక్కనే మేనేజరు. ఆయన చూపు నా మీదే ఉంది.

"తోల్తాండాం సార్" అన్నాను.

తనిఖీకి వచ్చినాయన నమ్మాడో, నమ్మినట్టు రాసుకున్నాడో తెలియదు.

ఇంటికొచ్చి కంపెనీ బూట్లు విప్పాను. ఆవుల వెంట గుట్టలు తిరిగి నీ మడమలు ఎట్లా పగిలేవో నాకు గుర్తే. నావి నున్నగా ఉన్నాయి, నాయనా.