ఆదిశేషు అల్లునికి తాళం పేటెంటు ఇవ్వరాదని

పేటెంటు ఆఫీసు అధికారి గారి సముఖమునకు, త్రిపురాంతకం మండలం నుంచి చెక్కభజన గురువు యల్లయ్య రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: దూరాన ఉన్న రెండు గడియారాలను ఒకే క్షణాన కొట్టించే సర్క్యూటు కొత్తది కాదని అభ్యంతరం.

1. మోహన్‌కృష్ణ అనే ఇంజనీరు తమ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకొనియున్నాడు. వైరుకు ఈ కొసన ఒక గడియారం, ఆ కొసన ఒక గడియారం. ఇక్కడినుంచి సైగ పంపితే అక్కడ తాకి తిరిగి వస్తుంది. పోయి వచ్చిన ఆలస్యంలో సగం లెక్కగట్టి ఆ కొస గడియారాన్ని అంత ముందుకు జరుపుతాడు. రెండూ ఒకటిగా కొట్టును. ఇంతే. నా మనుమరాలు ఉషారాణి చదివి చెప్పింది.

2. ఇది మా చెక్కభజనలో ఎప్పటినుంచో ఉన్న పనే. ఊరేగింపులో వరుస బజారు పొడవునా సాగుతుంది. ముందర నేను చెక్క కొడితే తోకన ఉన్నవానికి ఆలస్యంగా వినపడును. వాడు విని కొడితే నాకు ఇంకా ఆలస్యంగా వినపడును. అందుకని ఆ ఆలస్యంలో సగమంత ముందే కొట్టమని, తోకవాని పక్కన నిలబడి కాలు తొక్కి నేర్పుతాను. చెవిని నమ్ముకున్నవాడు నా దగ్గర నిలవడు.

3. సదరు ఇంజనీరు ఈ ఉపాయం తన మామ ఆదిశేషు భజన చూస్తుంటే తట్టిందని లోకల్ టీవీలో చెప్పినాడు. కురిచేడులో ఆదిశేషుకు శాలువా కప్పినారు. నేను చూసినాను. సదరు ఆదిశేషు నా జట్టులో తోకన ఆడినవాడు. శాలువా ఆయనకు నప్పలేదు కూడా.

4. పనిలో ఆరితేరినవానికి తేలిగ్గా తోచేదయితే పేటెంటు ఇవ్వరాదని చట్టంలో ఉందని మార్కాపురం వకీలు వెంకటేశ్వర్లు చెప్పినాడు. ఆ ఆరితేరినవాడిని నేనే. నాకు తోచింది. ఇంక విచారణ అక్కరలేదు.

వకీలు ఇంకొకటి కూడా అన్నాడు. “ఎవరికైనా తోచేదేనని రాస్తే నీ గొప్ప కూడా పోతాది గదా పెదనాయనా.”

“పోనీలే నాయనా. ఆదిశేషుకు రాకుంటే అదే పదివేలు,” అన్నాను.

5. కావున ఇది చెక్క పట్టిన ఎవరికైనా తోచే సంగతే గనుక సదరు దరఖాస్తు కొట్టివేసి, కొట్టివేసినట్టు అదే టీవీలో చెప్పించవలెనని ప్రార్థన. తమరు తప్పక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
యల్లయ్య
(వేలిముద్ర కాదు, సంతకమే)

తా.క.: కవరు అంటించబోతుంటే నా భార్య శ్రీశైలమ్మ, “ఎవురికైనా తోచేదైతే ఇన్నేండ్లు మీసం తిప్పిందెందుకయ్యా?” అనింది. కాబట్టి అయిదో నంబరులో రాసింది కొట్టేసుకోండి. ఎవరికైనా తోచేది కాదు. ఆదిశేషుకు తోచలేదు. తిరునాళ్ళలో తోక వెనకబడి ఊరంతా నవ్వుతుంటే, నేను పోయి కాలు తొక్కి చెప్పిందాకా ఆయనకు తోచలేదు. కావలిస్తే పిలిపించి అడగండి. అడిగేటప్పుడు ఆ శాలువా తీయించండి.