కళ్లంలో గీసిన పళ్లెం

ఫిబ్రవరి 24

థీసిస్ మూడో చాప్టర్ మొదలుపెట్టాను. నేను పరిశోధిస్తున్న నక్షత్రానికి పదిలక్షల ఏళ్లు, అంటే పసిగుడ్డు. చుట్టూ ధూళి, గ్యాస్ కలిసిన పళ్లెం. గ్రహాలు అందులోంచే పుడతాయి. ఈ పసిగుడ్డు తన పళ్లేన్నే గబగబా మింగి, ఒక్కసారిగా వందరెట్లు భగ్గుమంటుంది. అందుకే నాకిష్టం. నెమ్మదస్తులంటే చిరాకు.

బయట అన్నయ్య శ్రీకృష్ణ, బాబాయి కొడుకు చైతన్యకృష్ణ అరుచుకుంటున్నారు. మిరపకాయలు ఆరబోసే కళ్లం రెండిళ్లకీ ఒకటే. ఏటా ఇదే గోల.

ఫిబ్రవరి 27, ఉదయం 10

కూలికొచ్చి తాలుకాయలు ఏరుతున్న శివపార్వతి, ఏందమ్మాయ్ పొద్దస్తమానం ఆ లాప్‌టాప్‌లో చూస్తావు అని అడిగింది. నోటితో చెబితే ఎక్కలేదు. ముగ్గుపిండి తెచ్చి మా మిరపరాశి చుట్టూ పళ్లెం గీశాను. రాశి నక్షత్రం. చుట్టూ ఒక వలయం, కాస్త ఖాళీ, ఇంకో వలయం. ఆ ఖాళీ, పుడుతున్న గ్రహం ఊడ్చుకున్న బాట అని చెప్పాను. బయటి వలయం కళ్లమంతా పట్టింది. భలే కుదిరింది.

అదే రోజు, సాయంత్రం 5



మా ఊళ్లో కళ్లం మీద ముగ్గుగీత పడితే, ఆ పంట అయ్యేదాకా ఆ మేర గీసినవాళ్లదే. ఎనిమిదేళ్లు హైదరాబాద్‌లో ఉండి మర్చిపోయాను. చైతన్య వచ్చి చూశాడు. ఏరా, కళ్లమంతా మింగుదామనుకున్నావా అని అన్నయ్య మీదికొచ్చాడు. గీతను కాలితో చెరిపి, కర్రతో అన్నయ్య తల పగలగొట్టాడు. నేను పరుగెత్తుకొచ్చేసరికి అన్నయ్య చేతిలో కాయలు తిరగేసే ఇనపపళ్ల కర్ర ఉంది. ఒక్కటే దెబ్బ, చైతన్య ఎడమకంటి మీద. వాడు మిరపకాయల్లో బోర్లా పడ్డాడు. ఆ మంటకి వాడు పెట్టిన కేక ఇంకా చెవిలోనే ఉంది.

నేను ఆపలేదు. ఒక్క క్షణం, మావాడే గెలిచాడనిపించింది. సిగ్గుగా ఉంది.

ఫిబ్రవరి 28

చైతన్య కన్ను పోయింది.

మార్చి 2

అన్నయ్యను అరెస్ట్ చేశారు. ప్లీడరు గారు ఇంటికొచ్చారు. కళ్లం ఆక్రమించాలని చైతన్యే గీత వేశాడని మీ అమ్మాయి చెబితే చాలు, బెయిల్ వచ్చేస్తుందండి అన్నారు. అమ్మ నా కాళ్లు పట్టుకుంది.

మార్చి 3

స్టేషన్‌కి వెళ్లి, గీసింది నేనే అని స్టేట్‌మెంట్ ఇచ్చాను. ఎందుకు గీశావమ్మా అని ఎస్సై గారు అడిగారు. గ్రహాలు ఎలా పుడతాయో చూపించడానికి అన్నాను. కానిస్టేబుల్ నవ్వాడు. బెంచీ ఎత్తి వాడి నెత్తిన వేయాలనిపించింది.

ఇంటికొచ్చాక అమ్మ కొట్టింది. చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టింది.

మార్చి 4

గుంటూరు ఆస్పత్రిలో చైతన్యకు అంతా చెప్పాను. అయితే అది గొడవకి వేసిన గీత కాదా అన్నాడు. కాదన్నాను. మరి నన్ను కూడా పిలవొచ్చుగదక్కా, నేనూ చూసేవాణ్ణి అన్నాడు.