జపాన్ పుస్తకంలో మన తగువు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇంట్లో కుదురుగా కూర్చోలేక ఈ మలేషియా ఊళ్లో, బంటింగ్‌లో, మన బాస్కెట్‌బాల్ కోర్టుకే వచ్చాను.

ఎదుటి జట్టును ఆపాలంటే మనిషిని కాయాలని నేను, చోటుని కాయాలని నువ్వు. జపాన్‌లో తొలినాళ్ల బాస్కెట్‌బాల్ గురించిన పాత జపనీస్ పుస్తకం ముందేసుకుని ఎన్నేళ్లు కొట్టుకున్నాం. ఇద్దరికీ ఆ భాష రాదు, అందులోని బొమ్మలే మనకు సాక్ష్యం. నిన్న ఆ పేజీలు ఫోను చేత తెలుగులో చదివించాను. అప్పట్లో వాళ్లకీ ఈ తగువు తెగలేదట. ఇది నీకు కాక ఎవరికి చెప్పను?

నేను ఆట నేర్పే పిల్లల జట్టులో ఆడే నీ కూతురు, "ఏటి చిన్నాన్నా, ఈరోజు ఎవుల్ని కాయాల?" అంది.

"మనిషినొదిలెయ్యండి. చోటు కాయండి."

"అది నాన్న మాట గదా లా," అంది, చివర ఇక్కడివాళ్ల 'లా' తగిలించి.

పిల్లలంతా తమ చోట్లలో నిలబడ్డారు. నేను మాత్రం ఆటంతా, నువ్వు నిలబడే గీత పక్కకే చూస్తూ, మనిషినే వెతికాను.