మోటారు ఆపి వినమన్న రాజన్నకు

రాజన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ ఉత్తరం నీకు చేరదని తెలిసినా, ఒక విషయం నీకే చెప్పవలసి ఉంది.

ఈ ఎడారి దేశంలో, ఖబూరా తోటల్లో మనిద్దరం నీటి పంపులు బాగుచేసేవాళ్లం. నువ్వు ముందు మోటారు ఆపించి, పొడవాటి స్క్రూడ్రైవర్‌ను గొట్టానికీ చెవికీ ఆనించి విని, ఆ తర్వాతే మోటారు వేయించి మళ్లీ వినేవాడివి. "ముందుగాల ఉత్త గొట్టం సప్పుడు ఇను తమ్మీ. గప్పుడే మోటారు రోగం తెలుస్తది" అనేవాడివి. రాత్రి కాలేజీలో డిగ్రీ సంపాదించిన నేను, ఆగిన మోటారులో శబ్దమేమిటని అందరి ముందూ నవ్వాను. ఆ తర్వాత నా ఎదుట నువ్వు అలా వినలేదు.

ఈ శుక్రవారం రూములో మనవాళ్లకు నేను చదివిన వ్యాసమొకటి వివరించాను. అంతరిక్షం నుంచి వచ్చే న్యూట్రినో అనే సూక్ష్మకణం మంచును ఢీకొంటే అతి చిన్న శబ్దం పుడుతుందట. దాన్ని పట్టుకోవాలని శాస్త్రవేత్తలు దక్షిణ ధ్రువపు మంచు లోతుల్లోకి మైకుల వంటి పరికరాలు దింపారు. అయితే ముందుగా వారు కొలిచింది, ఏ కణమూ తాకనప్పుడు ఆ మంచులో సహజంగా ఉండే సద్దును.

వంట చేస్తున్న సాయిలు గరిటె ఆపాడు. "ఏంది డిగ్రీ సారూ, గిది మన రాజన్న చెప్పిన ముచ్చటనే గదా! గప్పుడెందుకు నవ్వితివి?"

మంచు వేరు, పంపు వేరు అన్న వాదన నా నోటిదాకా వచ్చింది. మింగేసి లేచి నిలబడ్డాను. "అవును సాయిలూ, రాజన్న చెప్పిందే కరెక్ట్. నేను నవ్వుడు తప్పు" అన్నాను.

నీ ముందు అనవలసిన మాట అది. నువ్వు లేని రూములో అన్నాను.