డబ్బా విప్పినాకనే ఓటీపీ

దేశనూరు, మంగళవారం రాత్రి

ఈరోజు మా వదిన ఎస్తేరమ్మ గెలిచింది. పోయిన నెల ఆమె ఆన్‌లైన్లో తెప్పించిన మిక్సీ డబ్బాలో ఇటుక వస్తే కంపెనీ ఏమంది? ఓటీపీ చెప్పినారు కాబట్టి సరుకు ముట్టినట్లేనంట. విప్పేటప్పుడు వీడియో తీసింటే నమ్మేవాళ్ళంట. మోసం చేసేది వాళ్ళు, రుజువు చూపించాల్సింది మనమా?

ఈరోజు కుక్కర్ వచ్చింది. వదిన ఓటీపీ చెప్పలేదు.

"ముందు డబ్బా విప్పప్పా."

"అట్ల రూల్స్ లేవక్కా," అన్నాడు డెలివరీ అతను.

"చర్చిలో కానుకల సంచీనే నలుగురి ముందు విప్పుతాం. నీ డబ్బా దేవుని సొమ్ముకన్నా పెద్దదా ఏంది?"

వీధిలో ఆడవాళ్ళంతా నవ్వినారు. అతను గూడా నవ్వి విప్పినాడు. లోపల ఎవరో వాడేసిన, అడుగు మాడిన పాత కుక్కర్.

"వాపస్ తీసుకపో నాయనా," అంది వదిన.

సాయంత్రానికి డబ్బు తిరిగి పడింది. ఇన్నేళ్ళు నేను వినియోగదారుల సంఘం మీటింగుల్లో గొంతు చించుకున్నది వదిన గడపలో నిలబడి సాధించింది.

డబ్బా వెనక్కి పోతే ఆ డెలివరీ అతని కూలి కోస్తారేమో. అడగాలని తోచనే లేదు నాకు... పోయేటప్పుడు బండి ఎక్కుతా అతనే అన్నాడు: "మా ఊరు హచ్చొళ్ళిలో మా అమ్మకు గూడా చెప్తానక్కా, విప్పినాకనే ఓటీపీ ఇయ్యమని."