అడ్డిగ కోసం బోసిమెడ

జూలై 7, సోమవారం

ఉదయం 6.40. నిర్ణయం తీసేసుకున్నాను! ఇవాళ్టి నుంచి నలభై రోజులు ఒంటి మీద బంగారం ఉండదు. పుస్తెలతాడు కూడా తీసేసి, సూత్రాలు మాత్రం పసుపుతాడుకి గుచ్చుకున్నాను.

బీరువాలోకి వెళ్లినవి: కాసులపేరు, నల్లపూసలు, వంకీలు, చెంపస్వరాలు, దుద్దులు, గాజులు, వడ్డాణం, రాళ్లు పొదిగిన చలవ కళ్లజోడు. బీరువా తలుపు మూతపడలేదు. మోకాలితో తోశాను.

కారణం? వైరాగ్యం. అంతే.

సరే, డైరీకి అబద్ధం ఎందుకు? కారణం మా అత్తయ్య అచ్చమ్మగారి అడ్డిగ. ఆవిడ పెళ్లినాటిది, మెడని అంటిపెట్టుకుని ఉండే పాతకాలం నగ. మావయ్య పోయిన రోజు తీసి పెట్టెలో పెట్టారు. అప్పట్నుంచి ఆవిడ మెడలో తులసిపూసలే. నిన్న భోజనాల దగ్గర అన్నారు: "శ్రావణం మొదటి శుక్రవారం నాడు ఆ అడ్డిగ సంగతి తేల్చీస్తాను."

కోడళ్లం ఇద్దరం. నేను పెద్దదాన్ని, అత్తయ్య మా క్వార్టర్లోనే ఉంటారు. రెండోది వనజాక్షి, నా మరిది సూర్యప్రకాష్ భార్య. నెహ్రూ నగర్‌లో సొంత ఇల్లు. దాని చేతిసంచీ ఖరీదుకి స్కూటరు వస్తుంది. ఆ సంచీకి ఒక సంచీ, దానికో అట్టపెట్టె. మొన్న వానలో సంచీని కొంగుకింద దాచి తను తడిసింది. వజ్రాల ముక్కుపుడకకి సర్టిఫికెట్ ఉంది, లామినేషన్ చేయించింది. నగల్లో దానితో పోటీపడలేను. అందుకే త్యాగంలో పడదామని. ఆశలేని కోడలికి కాక అడ్డిగ ఇంకెవరికి ఇస్తారు?

జూలై 8, మంగళవారం

ఎంత తేలికగా ఉందో! గాలిలో నడుస్తున్నట్టుంది. నగలంటే పడిచచ్చే ఆడవాళ్లని చూస్తే జాలేస్తోంది. నిన్నటిదాకా నేనూ ఒకదాన్నని తలుచుకుంటే నవ్వొస్తోంది.

మా ఆయన గురునాథరావుగారు స్టీలు ప్లాంటులో, ప్లేట్ మిల్లులో ఫోర్‌మన్. ఆయనకి నా బోసిమెడ సాయంత్రానికి గానీ కనపడలేదు. "ఏటిది? మిల్లులో ఉంగరం ఎట్టుకుంటే సేఫ్టీవాడు అరుస్తాడు. ఆ రూలు ఇంట్లోకీ వచ్చీసిందేటి?" అన్నారు.

అత్తయ్య మాత్రం నా మెడకేసి చాలాసేపు చూశారు. పనిచేస్తోంది!

జూలై 10, గురువారం

పక్క క్వార్టర్ డోర్కాస్ వచ్చింది. వాళ్ల చర్చి సంఘంలో ఆడవాళ్లు నగలు పెట్టుకోరు. తలుపు తీయగానే నా రెండు చేతులూ పట్టుకుంది.

"అక్కా, నన్ను చూసి తీసీసినావేటి? ఆదివారం ప్రార్థనకి వస్తావేటి?"

"అబ్బే, ఊరికే. నలభై రోజులు."

"నలభయ్యేనా? తర్వాత మళ్లీ ఎట్టీసుకుంటావా?" పకపకా నవ్వింది. "అలగైతే నీకు కష్టమే అక్కా. లెక్కెట్టుకుంటే ఉండలేవు."

దీనికేం తెలుసు నా మనోబలం.

జూలై 13, ఆదివారం

కొంప మునిగింది. ఈ హిందీ ఊళ్లో మన తెలుగు సంఘం నడిపే కామాక్షమ్మగారు గిన్నెడు ములక్కాడ కూరతో వచ్చారు. కూర్చున్నారు. నా పసుపుతాడు చూసి కళ్లొత్తుకున్నారు.

"కష్టాలు అందరికీ వస్తాయమ్మా. బంగారం ఉన్నదే ఆపదకి కదా. ఎంతకి పెట్టీసినారు?"

తాకట్టు! నా వైరాగ్యం తాకట్టు! బీరువా తెరిచి చూపిద్దామనుకున్నాను. త్యాగం చేసినవాళ్లు బీరువాలు తెరవరని ఊరుకున్నాను. కూర బావుంది. అందుకు ఇంకా ఒళ్లు మండింది.

జూలై 16, బుధవారం

మిల్లులో మా ఆయన్ని కూడా పనిచేసే సాహూ అడిగాడట: "దాదా, భాభీ కా సోనా గిర్వీ రఖ్ దియా క్యా?" నా బంగారం తాకట్టు పెట్టలేదన్న కొద్దీ భుజం తట్టాడట. క్యాంటీన్లో టీ డబ్బులు కూడా తనే ఇచ్చాడట. మా ఆయన ఇంటికొచ్చి అన్నం తినలేదు.

"నీ వైరాగ్యమేటో గానీ, నన్ను జూదగాణ్ణి సేసీసినావు."

మధ్యాహ్నం చెవులకి దుద్దులు పెట్టుకున్నాను. ఇది నియమభంగం కాదు. రంధ్రాలు పూడిపోతాయి. పూడిపోతే మళ్లీ కుట్టించాలి, చీము పడుతుంది. ఆరోగ్యం ముఖ్యం.

జూలై 18, శుక్రవారం

గాజులు కూడా. బోడిచేతులతో వడ్డిస్తే ఇంటికి మంచిది కాదని అమ్మ చెప్పేది. అమ్మ మాట కాదనలేను. బతికున్నప్పుడు ఒక్కటీ వినలేదు, ఇప్పుడైనా వినాలి.

నడుంనొప్పి. డాక్టరు ఎప్పుడో బెల్టు పెట్టుకోమన్నాడు. ఏ బెల్టో చెప్పలేదు. చీరకింద వడ్డాణం పెట్టుకున్నాను. ఎవరికీ కనపడదు. నిజంగానే హాయిగా ఉంది!

వంగినప్పుడు మాత్రం గుచ్చుకుంటోంది. తపస్సన్నాక ఆ మాత్రం ఉంటుంది.

జూలై 21, సోమవారం

రాసుకోవాలంటేనే తల కొట్టేసినట్టుంది.

అత్తయ్యని వనజ పొద్దున్నే కారులో తీసుకెళ్లింది. ఇంట్లో ఎవరూ లేరు. కాసులపేరు, నల్లపూసలు, వంకీలు, చెంపస్వరాలు అన్నీ సంచీలో వేసుకుని సందు చివర ఆటో ఎక్కాను. ఆటోలోనే ఒక్కొక్కటీ పెట్టుకున్నాను. ఆటోవాడు అద్దంలో చూసి, "దీదీ, షాదీ మే జానా హై క్యా?" అన్నాడు. అవును, పెళ్లికేనన్నాను. సుపేలా మార్కెట్లో నన్నెవరెరుగుదురు? ఒక్క గంట తిరిగి, తీసేసుకుని ఇంటికొచ్చేద్దామని.

నగలకి పట్టుదారాలు కట్టే కొట్టు ముందు ఎవరున్నారనుకున్నారు? అత్తయ్య. పక్కన వనజ, దాని సంచీ.

"అక్కా! తాకట్టు విడిపించీసినారేటి?" అంది వనజ, అమాయకంగా. దీన్ని నమ్మకూడదు.

అత్తయ్య నన్ను కిందనుంచి పైదాకా చూశారు. కొట్టువాడి చేతిలో అడ్డిగ ఉంది. కొత్త దారం. "ఇంకొంచెం పొట్టిగా కట్టు. మెడ సన్నం," అన్నారు వాడితో.

మెడ సన్నం! సన్నమెడ ఎవరిది? వనజది! నాకు గడ్డానికీ భుజాలకీ మధ్య ఉన్న జాగా ఎంతో నాకు తెలుసు.

ఇంటికొచ్చి పడుకున్నాను. అడ్డిగ పోయింది. పరువూ పోయింది. నగలు తీయలేదు, ఇంకెవరికోసం తీయాలి?

జూలై 25, శుక్రవారం

శ్రావణం మొదటి శుక్రవారం పూజ మా ఇంట్లోనే. నేను ఉన్నవన్నీ పెట్టేసుకున్నాను, కళ్లజోడు తప్ప. తాకట్టు అన్నవాళ్ల నోళ్లయినా మూతపడతాయి. కామాక్షమ్మగారు వచ్చి ఒక్కొక్క నగా గుర్తుపట్టి మరీ ఊపిరి పీల్చుకున్నారు. వనజ వచ్చింది. దాని సంచీకి వేరే కుర్చీ.

హారతయ్యాక అత్తయ్య పెట్టె తెచ్చారు. వనజ మెడ సర్దుకుంది.

"ఒసే రజనీ, ఇలగ రా," అన్నారు అత్తయ్య. అడ్డిగ నా చేతిలో పెట్టారు! నాకు! నేను పెట్టుకోబోయాను.

"నీకు కాదే. నాకు కట్టు."

అత్తయ్య వెనక్కి తిరిగి, జుట్టుముడి పక్కకి తీసి, మెడ చూపించారు. కామాక్షమ్మగారు, "అదేటి వదినా, మీరు..." అని మొదలెట్టారు.

"ఏటి, నాను?" అన్నారు అత్తయ్య. "ఈ గుంట మొగుడు ఎదురుగా ఉండగా తనకి తోచినాదని తీసీసినాది. మళ్లీ తోచినాదని ఎట్టీసుకున్నాది. నన్నెవులైనా అడిగినారేటి? ఆయన పోయిన్రోజు తియ్యమన్నారు, తీసీసినాను. మళ్లీ ఎట్టుకోమని ఒక్కులూ అన్లేదు. దీని బోసిమెడ రోజూ సూస్తంటే నా మెడ గుర్తొచ్చీసినాది. ఈ అడ్డిగ నా కోసం మా అయ్య సేయించినాడు. నానింకా ఉన్నాను."

నాకు సిగ్గేసింది. ఇన్నాళ్లూ ఆవిడ నా త్యాగం చూసి మురిసిపోతున్నారనుకున్నాను. ఆ తులసిపూసలు రోజూ చూస్తూ కూడా, ఆ మెడకి ఏమైనా కావాలేమోనని నాకెప్పుడూ తోచలేదు. దారం ముడివేస్తుంటే కళ్లల్లో నీళ్లొచ్చి ముడి కనపడలేదు. వనజ వచ్చి దారం రెండో కొస పట్టుకుంది. సంచీని కుర్చీలోనే వదిలేసింది. అది కింద పడ్డా చూసుకోలేదు.

సరిగ్గా సరిపోయింది. సన్నమెడ.

గుమ్మంలోంచి డోర్కాస్, "ఎంత బాగున్నాదమ్మా!" అంది. అత్తయ్య అద్దం అడిగారు.

జూలై 26, శనివారం

అత్తయ్య రాత్రి అడ్డిగ తీయకుండానే పడుకున్నారు. పొద్దున్న కాఫీ తాగుతూ అన్నారు: "నా తర్వాత ఎవులికో వచ్చే శ్రావణంలో సూద్దాం."

వచ్చే శ్రావణం! బోలెడు వ్యవధి! ఈసారి పొరపాట్లు ఉండవు. సోమవారం నుంచి మళ్లీ మొదలు. ఒక్క నగ ఉండదు. దుద్దులు కూడా. వడ్డాణం అసలే ఉండదు. మెల్లిగా అలవాటైపోతుంది.

ఇవాళ మాత్రం కుదరదు. అత్తయ్య ఫొటో తీయించుకుంటారట, పవర్ హౌస్ బజార్లో స్టూడియోకి తోడు వెళ్లాలి. "అన్నీ ఎట్టుకుని రా. బోసిమెడతో నా పక్కన నిలబడ్డావంటే ఊరుకోను," అన్నారు.

కళ్లజోడు ఎక్కడ పెట్టానో.