ఇచ్చినట్టే గుర్తున్న ఫైలు

సర్వే కార్యాలయ అధికారి గారి సముఖమునకు, రికార్డు గది పెద్ద గుమాస్తా విన్నవించుకొనునది.

అయ్యా,

విషయం: బైండింగు పనిచేయు ఉద్యోగినిపై నేనిచ్చిన వాంగ్మూలమును వెనక్కు తీసుకొనుట, ఆమెను తిరిగి పనిలో చేర్చుకొనుట గురించి.

1. కనబడకుండా పోయిన, కుట్టు ఊడిన సర్వే ఫైలును స్వయంగా ఆమె చేతికే ఇచ్చితినని విచారణలో ప్రమాణం చేసి చెప్పియున్నాను. ఇరవై ఆరేళ్ల సర్వీసులో నా మాటకు తిరుగులేదు గనుక తమరు ఆమెను సస్పెండు చేసియున్నారు.

2. గత సోమవారం నా బీరువా సర్దుచుండగా, అడుగు అరలో పాత రిజిస్టర్ల కింద సదరు ఫైలు దొరికినది. అట్టమీద "బైండింగుకు పంపవలెను" అను చీటీ ఉన్నది. చేతిరాత నాదే. ఫైలు జతచేయడమైనది.

3. నేను అబద్ధమాడలేదు. ఆమె జిగురు చేతులు గుడ్డకు తుడుచుకుని ఫైలు అందుకోవడం ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టుంది. జరగనిది ఇంత బాగా గుర్తుంది.

4. నిద్రలో నా ఊపిరి గంటకు నలభైసార్లు ఆగుచున్నదని పోయిన నెల వైద్యులు తేల్చిరి. గాలి చాలక, నిద్ర తెగి తెగి, జ్ఞాపకమూ ఆలోచనా దెబ్బతిన్నవట. ఏళ్ల తరబడి నా గురక గురించి ఇంట్లో నవ్వుకున్నాం. నా భార్య పక్కగదికి మారింది. పగలు కుర్చీలో తూగితే వయసనుకున్నాను. మనవరాలి పేరు కోసం తడుముకుంటే మా అమ్మాయి ఏడ్చింది, నేను విసుక్కున్నాను. వైద్యుల పత్రం కూడా పెడుతున్నాను, సాకుగా మాత్రం కాదు.

5. మొన్న ఆమె ఇంటికి వెళ్లి సంగతి చెప్పాను.

"మీరు అబద్ధమాడే మనిషి కాదు కదా అన్నయ్యా," అంది. "అందుకే నేనే తీసుకుని ఎక్కడో పెట్టి మరిచిపోయాననుకున్నా. మూడు నెలలుగా ఇల్లంతా వెతుకుతున్నా."

పరుపు కుట్లు కూడా విప్పి చూసింది సార్.

కావున ఆమెపై అభియోగం రద్దుచేసి, శిక్ష ఏదైనా నాకే విధించి, ఇకమీదట నా ఒక్కడి మాటపై ఎవరినీ దోషిగా ఎంచకుండునట్లు దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
రికార్డు గది పెద్ద గుమాస్తా

తా.క.: ఊపిరి ఆగకుండా వైద్యులిచ్చిన గాలి మాస్కు పెట్టుకుంటే నాకు హాయిగా నిద్ర పడుతోంది. ఆమెకు మాత్రం, ఫైలు దొరికిందని చెప్పాక కూడా పట్టడం లేదట. నేను చెబితే నమ్మకం కుదరడం లేదంది. మీరు కాగితం మీద రాసివ్వండి సార్.